ఏటి ఒడ్డు గీసే ముందు

ఇరిగేషన్ డివిజన్‌లో కొత్తగా చేరిన ఏఈకో, సచివాలయంలో పనిచేసే గ్రామ సర్వేయరుకో, ఏజెన్సీ తరఫున కంప్యూటరు ముందు కూర్చునే జీఐఎస్ ఆపరేటరుకో ఏదో ఒక రోజు ఈ పని వచ్చి పడుతుంది: "ఫలానా లంక దగ్గర ముప్పై ఏళ్లలో గోదావరి ఎంత కోసిందో శాటిలైట్‌లో చూసి చెప్పు. శనివారం లోపు కావాలి." బొమ్మలకు డబ్బు కట్టనక్కర్లేదు. సాఫ్ట్‌వేరూ ఉచితమే. నేర్పే వీడియోలకు కొదవ లేదు. రెండు రోజుల్లో రంగురంగుల మ్యాపు తయారవుతుంది. ఆ మ్యాపు చూసే గ్రోయిన్ ఎక్కడ కట్టాలో, ఏ ఇళ్లు ఖాళీ చేయించాలో, ఎవరి పొలం ఎన్ని సెంట్లు ఏట్లో కలిసిందో పెద్దలు తేలుస్తారు. మ్యాపు తప్పయితే నష్టపోయేది ఒడ్డున ఉన్నవాళ్లు. అందుకని ఈ పని చేతికొచ్చిన వాళ్లకు నాలుగు మాటలు చెప్పాలని కూర్చున్నాను.

ముందుగా ఒకటి గట్టిగా గుర్తుంచుకోండి. ఆ రోజు నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో ఉపగ్రహం చూపిస్తుంది. ఒడ్డు ఎక్కడుందని మనల్ని అడుగుతారు. ఈ రెండూ ఒకటి కావు. సెప్టెంబరులో గట్టును ఒరుసుకుని పారే ఏరు ఫిబ్రవరికి ఇసుక తిన్నెలు బయటపెట్టి ఎక్కడో అవతలి పాయలో పారుతుంటుంది. ఒక ఏడాది అక్టోబరు బొమ్మ, ఇంకో ఏడాది మార్చి బొమ్మ పక్కపక్కన పెడితే నది నాలుగు వందల మీటర్లు జరిగినట్టు కనబడుతుంది. నిజానికి ఒడ్డు నుంచి మట్టిపెళ్ల కూడా రాలి ఉండదు. నదీకోత మీద వచ్చే రిపోర్టుల్లో అన్నిటికంటే మామూలుగా కనబడే తప్పు ఇదే. తప్పించుకోవడం కూడా సులువే కాబట్టి మరీ బాధగా ఉంటుంది.

గోదావరికైతే సంక్రాంతికి అటూ ఇటూ, డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా తీసిన బొమ్మలు ఎంచుకోండి. మబ్బు ఉండదు, వరద తీసి ఉంటుంది, ఒడ్డు మీద పచ్చదనం ఎక్కడ మొదలవుతుందో తేటగా కనబడుతుంది. పోల్చే రెండు సంవత్సరాలకూ ఒకే నెల తీసుకోవాలి. అదొక్కటే చాలదు, ఆ తేదీల్లో ప్రవాహం ఎంతుందో కూడా చూడాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర రోజూ రాసుకునే లెక్కలు ఉంటాయి. మీ దగ్గరున్న తేదీలు చెప్పి ఆ రెండు రోజుల అంకెలు అడగండి. అక్కడ ఇంకో మెలిక ఉంది. కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852 నాటిది, ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. బ్యారేజీకి ఎగువన నీరు ఎంత ఎత్తున నిలవాలో గేట్లు చెబుతాయి. కాబట్టి 1970ల నాటి బొమ్మనూ ఈనాటి బొమ్మనూ పోల్చి, ఎగువన ఉన్న లంక అంచు మునిగిందంటే ఏరు కోసిందని వెంటనే రాయకండి. గేట్ల వల్ల మునిగిందేమో ముందు చూసుకోండి.

దిగువకు వెళితే సముద్రం లెక్కలోకి వస్తుంది. యానాం దగ్గర గౌతమి, అంతర్వేది దగ్గర వశిష్ఠ ఆటుపోట్లకు లోబడే ఉంటాయి. లాండ్‌శాట్, సెంటినెల్-2 రెండూ మన మీదుగా ఉదయం పది, పదిన్నర ప్రాంతంలోనే వెళతాయి. పోటు వేళ మాత్రం రోజురోజుకీ మారిపోతుంది. ఒక బొమ్మ పోటు మీద, ఇంకోటి పాటు మీద పడితే, ఏటవాలుగా ఉండే బురద ఒడ్డున నీటి అంచు ఎంతో దూరం జరిగినట్టు ఉంటుంది. కాకినాడ పోర్టు పోటుపాట్ల పట్టిక తెచ్చుకుని రెండు తేదీలూ సరిచూసుకోవడానికి పావుగంట చాలు.

ఇక బొమ్మల సంగతి. 1972 జూలైలో మొదటి లాండ్‌శాట్ ఎగిరింది. దాని చుక్క (పిక్సెల్) ఒక్కొక్కటి సుమారు 80 మీటర్లు. 1980ల నుంచి 30 మీటర్ల బొమ్మలు మొదలయ్యాయి. 1984లో వెళ్లిన లాండ్‌శాట్-5 పాతికేళ్లకు పైగా పనిచేసింది కనుక పాత లెక్కలకు అదే పెద్ద దిక్కు. అయితే మన ప్రాంతానికి మధ్యమధ్య కొన్ని ఏళ్ల బొమ్మలు దొరకవు. 1999 నాటి లాండ్‌శాట్-7 బొమ్మలు 2003 మే చివరి దాకా బాగుంటాయి. ఆ తర్వాత అందులో ఒక భాగం పాడై ప్రతి బొమ్మలోనూ చారలు పడ్డాయి, సుమారు 22 శాతం ఖాళీ. ఆ చారలను సాఫ్ట్‌వేరుతో పూడ్చిన బొమ్మ మీద ఒడ్డు గీయకండి, పూడ్చిన చోట ఉన్నది ఊహ మాత్రమే. 2013 నుంచి లాండ్‌శాట్-8, 2021 నుంచి లాండ్‌శాట్-9 ఉన్నాయి. యూరప్ వారి సెంటినెల్-2 బొమ్మలు 2015 నుంచి 10 మీటర్ల చుక్కతో దొరుకుతున్నాయి. మన ఐఆర్ఎస్ ఉపగ్రహాలు 1988లో మొదలయ్యాయి. వాటిలో 5.8 మీటర్ల లిస్-4 బొమ్మలు ఒడ్డు పనికి చాలా మేలు. బాలానగర్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ వారి భూనిధి పోర్టల్‌లో వెతకండి.

చుక్క పరిమాణాన్ని మీటర్లలో చెబితే మన రైతుకే కాదు, మనకూ సరిగా మనసుకెక్కదు. సెంట్లలోకి మార్చి చూడండి. సెంటు అంటే సుమారు 40.5 చదరపు మీటర్లు. లాండ్‌శాట్ 30 మీటర్ల చుక్క ఒక్కటే 22 సెంట్లు. సెంటినెల్ చుక్క రెండున్నర సెంట్లు. లిస్-4 చుక్క సెంటుకు తక్కువ. ఎనభై సెంట్ల కొబ్బరి తోట లాండ్‌శాట్‌లో నాలుగు చుక్కలకు మించదు. ఆ నాలుగింటిలోనూ ఏటి వైపున్న రెండూ సగం తోట, సగం నీరు కలిసిపోయి ఏ రంగూ కాకుండా ఉంటాయి. ఆ తోట ఎన్ని సెంట్లు కోతకు పోయిందని లాండ్‌శాట్‌ను అడగడం న్యాయం కాదు. అలాంటి ప్రశ్నకు సర్వే జీపీఎస్ రోవరు పట్టుకుని ఒడ్డు మీదికి వెళ్లాలి. ఉపగ్రహాన్ని అడగవలసింది వేరు: పది కిలోమీటర్ల పొడవునా కోత ఎక్కడెక్కడ ఉంది, ఎప్పుడు మొదలైంది, ఏ వైపుకు పాకుతోంది? వీటికి అది చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పలేరు.

పొరపాటు ఎంత ఉండవచ్చో లెక్కగట్టకుండా ఏ అంకె కూడా బయటపెట్టకండి. లెక్క కష్టమేమీ కాదు. 1990 లాండ్‌శాట్ బొమ్మలో గీసిన గీత చుక్కలో సగం, అంటే 15 మీటర్లు అటూ ఇటూ ఉండవచ్చు. 2024 సెంటినెల్‌లో 5 మీటర్లు. రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోకపోవడం వల్ల ఇంకో 10 మీటర్లు అనుకుందాం. మూడింటినీ వర్గం చేసి కూడితే 350. దాని వర్గమూలం సుమారు 19. అంటే ఆ జంటలో 19 మీటర్లలోపు కనబడిన జరుగుడును కోత అనడానికి లేదు. 1973 బొమ్మతో పోలిస్తే ఈ హద్దు 42 మీటర్ల దాకా పోతుంది. ఇప్పుడు ఎకరాల్లోకి రండి. కిలోమీటరు పొడవున 30 మీటర్ల వెడల్పు కోసిందంటే 7.4 ఎకరాలు. 19 మీటర్ల తప్పు అంతా ఒకే వైపు పడితే అందులో 4.7 ఎకరాలు అనుమానమే. "7.4 ఎకరాలు పోయాయి" అని మాత్రమే రాస్తే అది సగం నిజం. పక్కనే అనుమానం కూడా రాస్తే చదివే అధికారికి ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

రెండు బొమ్మలు ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయో లేదో తేల్చడానికి గోదావరి మీద కదలని గుర్తులు ఉన్నాయి. రాజమహేంద్రవరం దగ్గర 1900లో రైళ్లు మొదలైన పాత హేవలాక్ వంతెన ఉంది, 1974 నాటి రోడ్డు-రైలు వంతెన ఉంది, కింద బ్యారేజీ గీత ఉంది. రెండు బొమ్మల్లోనూ వాటి స్థానాలు చూసి తేడా ఎంతో కొలవండి. పైన చెప్పిన 10 మీటర్లు అలా కొలిచి తెచ్చుకోవాలి, పుస్తకంలోంచి ఎత్తి రాయకూడదు. పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు వాడేవాళ్లకు ఇక్కడే పెద్ద గొయ్యి ఉంది. అవి ఎవరెస్ట్ కొలమానం మీద గీసినవి, ఉపగ్రహ బొమ్మలు డబ్ల్యూజీఎస్-84 మీద వస్తాయి. మార్చకుండా ఒకదానిమీద ఒకటి పరిస్తే నది మాత్రమే కాదు, గుళ్లూ రోడ్లూ అన్నీ వంద మీటర్లకు మించి పక్కకు జరుగుతాయి. ఊరంతా ఒకే దిక్కుకు జరిగిందంటే తప్పు మ్యాపుదే అని తెలిసిపోవాలి.

నీటిని వేరుచేయడానికి ఎన్‌డీడబ్ల్యూఐ అనే సూచిక వాడతారు. మెక్‌ఫీటర్స్ 1996లో చెప్పిన సూత్రం అది: ఆకుపచ్చ కాంతిలోంచి దగ్గరి పరారుణాన్ని తీసేసి, రెండింటి మొత్తంతో భాగించాలి. నీరు పరారుణాన్ని మింగేస్తుంది కనుక విలువ పైకి లేస్తుంది. లాండ్‌శాట్-5లో 2, 4 బ్యాండ్లు, లాండ్‌శాట్-8లో 3, 5, సెంటినెల్-2లో 3, 8. సున్నా దాటితే నీరని వీడియోలో చెప్పారు కదా అని మీరూ సున్నా దగ్గర కోయకండి. ఎర్రమట్టి కలిసిన వరద నీటికి ఒక విలువ, మాఘమాసపు తేట నీటికి ఇంకో విలువ. మీ బొమ్మలో తెలిసిన నీరు, తెలిసిన ఇసుక మీద చుక్కలు పరీక్షించి హద్దు విలువ పెట్టుకోండి.

కోనసీమలో ఈ సూచికను బోల్తా కొట్టించేవి రెండున్నాయి. ఒకటి రొయ్యల చెరువులు. ఏటి ఒడ్డునే తవ్విన చెరువుకీ ఏటికీ మధ్య గట్టు నాలుగైదు మీటర్లే ఉంటుంది. అది చుక్కలో సగం కూడా కాదు. సాఫ్ట్‌వేరు రెండు నీళ్లనూ కలిపేసి, ఒడ్డు వంద మీటర్లు లోపలికి పోయిందని గీస్తుంది. 1990లో వరిపొలం, 2020లో చెరువు అయిన చోటల్లా "భయంకరమైన కోత" కనబడుతుంది. చెరువును పట్టుకోవడం తేలికే. అంచులు నిటారుగా, మూలలు కోసినట్టుగా ఉంటాయి. ఏరు అలా కోయదు. రెండోది గుర్రపుడెక్క. నిలవ నీటి పాయల్లో అది దట్టంగా పేరుకుంటే సూచికకు పచ్చని నేలలా కనబడుతుంది, ఏరు పూడిపోయిందని చెబుతుంది. ఇసుక తవ్విన గుంటల్లో నీరు నిలిచినా తప్పుడు లెక్కే వస్తుంది. కాబట్టి సూచికతో వచ్చిన గీతను చివరి మాటగా తీసుకోకుండా, దాన్ని చిత్తుగీతలా పెట్టుకుని ఒడ్డును కంటితో చూసి చేత్తో గీయాలి.

చేత్తో గీయడానికి పరారుణాన్ని ఎరుపుగా పెట్టిన బొమ్మ తెరవండి. కొబ్బరి తోట ముదురు ఎరుపు, వరి లేత ఎరుపు, ఇసుక తెలుపు, నీరు నలుపు. కోసే ఒడ్డున ఎరుపు పక్కనే నలుపు ఉంటుంది, మధ్యలో తెలుపు రాదు. నిలువుగా తెగిన గట్టు కింద నేరుగా లోతు నీరు అన్నమాట. అలాంటి చోట నీటి అంచూ ఒడ్డూ ఒకటే, ధైర్యంగా గీయవచ్చు. మేట వేసే ఒడ్డున ఎరుపు, తర్వాత వెడల్పాటి తెలుపు, ఆపైన నలుపు వస్తాయి. అక్కడ తెలుపుకీ నలుపుకీ మధ్య గీస్తే రోజుకో ఒడ్డు వస్తుంది. నిలకడైన పచ్చదనం ఆగే చోట గీయండి. గడ్డి, రెల్లు మొలిచిన కొత్త తిన్నెను ఒడ్డులో కలపాలా వద్దా అన్నది ముందే ఒక నియమం పెట్టుకుని, రెండు సంవత్సరాలకూ అదే పాటించండి. తెర మీద ఒకే స్కేలు, గీసేది ఒకే మనిషి. ఒక ఏడాది మీరు, ఇంకో ఏడాది మీ సహోద్యోగి గీస్తే చేతివాటం తేడా కూడా కోతలా కనబడుతుంది.

గీతలు వచ్చాక ఏటికి అడ్డంగా వంద, రెండు వందల మీటర్లకొక అడ్డగీత వేసి, ఒక్కొక్క చోట జరుగుడు కొలవండి. సగటు ఒక్కటే ఇవ్వకండి. పది కిలోమీటర్ల సగటు రెండు మీటర్లుంటే చదివేవాడు నిశ్చింతగా ఫైలు మూసేస్తాడు. అందులో ఒక ఊరి ముందు ఎనభై మీటర్లు తెగి ఉండవచ్చు. ఇంతకంటే ముఖ్యమైన మాట ఇంకోటి. కోతనూ మేటనూ ఒకదానిలోంచి ఒకటి తీసేసి "నికర నష్టం" అని రాయకండి. ఈ ఒడ్డున ఇరవై ఎకరాలు పోయి, ఆ ఒడ్డున పద్దెనిమిది ఎకరాలు మేట వేస్తే కాగితం మీద రెండెకరాల నష్టమే కనబడుతుంది. ఇక్కడ తోట పోయిన రైతుకు అక్కడ లేచిన ఇసుకలో సెంటు కూడా రాదు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ప్రకారం నదీగర్భం ప్రభుత్వానిది. లేచిన లంక ఎవరిదన్నది రెవెన్యూ వాళ్లు తేల్చే విషయం, మన రిపోర్టులో దాని జోలికి పోకూడదు. రెండు అంకెలూ విడివిడిగా, రెండు రంగుల్లో ఇస్తే చాలు.

ఇదంతా నిదానంగా జరిగే కోత సంగతి. ఒక్కసారిగా దారి మార్చే నదుల కథ వేరు. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర కోసీ తూర్పు కట్ట తెగి, నది సుమారు 120 కిలోమీటర్లు తూర్పుగా ఎప్పుడో వదిలేసిన పాత దారిలోకి దూకింది. ఆ కట్టను కట్టింది 9.5 లక్షల క్యూసెక్కులకు. తెగిన రోజు ప్రవాహం అందులో ఐదో వంతు కూడా లేదు. అలాంటప్పుడు సంక్రాంతి బొమ్మ కోసం ఆగితే లాభం లేదు, ఆ వారం బొమ్మ కావాలి. వానాకాలం మబ్బుల్లో దానికి రాడార్ ఒక్కటే దారి. సెంటినెల్-1 లాంటివి మబ్బుల్లోంచి, చీకట్లోంచి కూడా చూస్తాయి. నున్నని నీరు తరంగాన్ని అవతలికి తోసేయడంతో బొమ్మలో నల్లగా పడుతుంది. ముంపు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడానికి అది మంచి సాధనం. ఒడ్డు గీయడానికి మాత్రం వాడకండి. ఎండిన ఇసుక కూడా అందులో నల్లగానే ఉంటుంది, గాలికి అలలు లేచిన నీరు తెల్లబడుతుంది.

మనిషి మార్చిన దారి కూడా ఒకటుంది. 2021 జూన్‌లో పోలవరం దగ్గర గోదావరిని అప్రోచ్ ఛానల్ మీదుగా స్పిల్‌వే వైపు మళ్లించారు. అంతకు ముందు, ఆ తర్వాత బొమ్మలు పెడితే నది పక్కకు జరిగినట్టు స్పష్టంగా కనబడుతుంది. కారణం తెలియని ఆపరేటరు దాన్ని కూడా కోత పట్టికలో వేసేయగలడు. కాబట్టి మీ నది మీద ఏ ఏడాది ఏం కట్టారో, ఎక్కడ రివిట్‌మెంటు వేశారో, ఎక్కడ ఇసుక ర్యాంపు పెట్టారో ఒక తేదీల పట్టిక పక్కన ఉంచుకోండి.

వరదలకు కూడా అలాగే తేదీలు రాసుకోండి. భద్రాచలం దగ్గర 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. ఒడ్డు ప్రతి ఏడూ సమంగా తెగదు. పదేళ్లు అలాగే ఉండి ఒక్క వరదకు తెగిపోతుంది, లేదా వరద తీసేటప్పుడు నానిన గట్టు జారిపోతుంది. 1990, 2024 బొమ్మలు రెండే తీసుకుని ఏడాదికి ఇన్ని మీటర్లని భాగించి, అదే లెక్కను 2050కి పొడిగించడం ప్రమాదకరం. 2022 ఫిబ్రవరి, 2023 ఫిబ్రవరి సెంటినెల్ బొమ్మలు కూడా చూడండి. కోత ఆ ఒక్క వరదలోనే జరిగిందా, ఎప్పటి నుంచో నడుస్తోందా అన్నది గ్రోయిన్ కట్టేవారికి సగటు కంటే ఎక్కువ పనికొస్తుంది.

తర్వాత లంకలోకి వెళ్లండి. మ్యాపు గీయకముందు ఒకసారి, గీశాక ఒకసారి వెళ్లగలిగితే మరీ మంచిది. ఫోను జీపీఎస్‌లో నాలుగైదు మీటర్ల తేడా ఉంటుంది. గ్రామ సర్వేయరు దగ్గరున్న రోవరైతే సెంటీమీటర్లలో చెబుతుంది. ఇప్పటి ఒడ్డును దానితో పట్టుకుంటే ముందు ముందు ఎవరు కొలిచినా అది పునాదిగా ఉంటుంది. రైతును "ఎన్ని మీటర్లు పోయింది పెద్దాయనా" అని అడిగితే ఏదో ఒక అంకె చెబుతాడు, దాని వల్ల పెద్దగా ఒరిగేది ఉండదు. "ఏ వరదకు పోయింది? అప్పుడు గట్టు మీద ఏముండేది? బోరు ఎక్కడుండేది?" అని అడగండి. పడవ నడిపేవాళ్లకు రేవు ఎన్నిసార్లు మార్చారో గుర్తుంటుంది. ఎఫ్ఎంబీ (క్షేత్ర కొలతల పుస్తకం) తీసి పాత సర్వే రాయి ఎక్కడ ఉండాలో చూస్తే, అది ఇప్పుడు ఏటి మధ్యలో తేలవచ్చు. బొమ్మ, కాగితం, మనిషి జ్ఞాపకం మూడూ కలిసిన చోట మీ మాటకు బలం ఉంటుంది. కలవని చోట, కలవలేదని రిపోర్టులో రాయండి.

ఒత్తిళ్లు కూడా వస్తాయి. ఎస్టిమేటు పెంచాలనుకునే వాళ్లు కోత ఎక్కువ చూపమంటారు, పరిహారం తగ్గించాలనుకునే వాళ్లు తక్కువ చూపమంటారు. తేదీలు, ప్రవాహం, తప్పు హద్దు, గీసిన నియమం నాలుగూ మొదటి పేజీలోనే రాసి ఉంటే మీ మీద ఎవరూ చెయ్యి వేయలేరు. అంకె మార్చాలంటే ముందు ఆ నియమం మార్చాలి, దానికి కారణం కాగితం మీద రాయాలి.

ఈ రంగంలో ఉద్యోగం వెతుక్కునే పిల్లలకు ఒక మాట. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్ఎస్ ఆన్‌లైన్ కోర్సులు డబ్బు లేకుండా నేర్పుతుంది. క్యూజీఐఎస్ ఉచితం. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో నలభై ఏళ్ల లాండ్‌శాట్ బొమ్మలు డౌన్‌లోడ్ అవసరం లేకుండానే చూడవచ్చు. హైదరాబాదులో ట్రాక్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీశాక్ లాంటి రాష్ట్ర సంస్థలు, నీటి ప్రాజెక్టుల కన్సల్టెన్సీలు ఈ పని తెలిసిన వాళ్లను తీసుకుంటాయి. ఇంటర్వ్యూకి పది నదుల మీద చేసిన పది రంగు మ్యాపులు పట్టుకెళ్లకండి. మీకు తెలిసిన ఏరు, వంశధార కావచ్చు, మంజీర కావచ్చు, పెన్నా కావచ్చు, అందులో ఐదు కిలోమీటర్లు తీసుకోండి. పైన చెప్పిన పద్ధతిలో చేసి, ఒడ్డు మీద నిలబడి తీసిన ఫొటోలతో, తప్పు ఎంత ఉండవచ్చో చెప్పే ఒక పేజీతో వెళ్లండి. ఆ ఒక్క పేజీ గురించి వాళ్లు అరగంట ప్రశ్నలడుగుతారు. జవాబులు మీ దగ్గర ఉంటాయి.

చివరగా ఫైళ్ల సంగతి. వాడిన ప్రతి బొమ్మ గుర్తింపు నంబరు, తేదీ, దించుకున్న చోటు, గీసిన గీతల అసలు ఫైలు అన్నీ ఒక ఫోల్డరులో పెట్టి, ఏది దేనికో తెలుగులో ఒక పేజీ రాసి, ఆఫీసు కాపీగా ఇచ్చేయండి. మీకు ట్రాన్స్‌ఫర్ అవుతుంది, కాంట్రాక్టు ముగుస్తుంది. పదేళ్ల తర్వాత అదే లంక దగ్గర కొలవడానికి కూర్చునే మనిషికి మీ రిపోర్టులోని రంగు బొమ్మ కంటే ఆ ఫోల్డరే అక్కరకొస్తుంది.